ఏడో పాఠంలో అక్క

హిందూపురంలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే బాబావలి సారుకు తన గురించి తనకున్న అభిప్రాయం మొదట్నుంచీ కాస్త పెద్దదే. అది ఎట్లా చిన్నదయిందో చెప్పేదే ఈ కథ. చిన్నదవడానికి ఒక ఫ్రిజ్జు, మూడు ఊళ్ళ బస్టాండ్లు, మూడువేల పుస్తకాలు ఖర్చయ్యాయి. ఇప్పుడు అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఆయనే చెప్పుకుని నవ్వుతాడు. మొదట్లో వేరేవాళ్ళు చెబితే ఒళ్ళు మండేది. ఎటూ ఊరంతా చెప్పుకుంటున్నారు, మనమే చెబితే కనీసం తప్పుల్లేకుండా చెప్పొచ్చు కదా అని తనే అందుకున్నాడు.

ఆయన పుట్టింది పెనుకొండలో, దూదేకుల ఇంట్లో. నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. బాబావలికి ఏడాదిన్నర వయసప్పుడు అమ్మ పోయింది. అక్క ఖాతూన్‌బీకి అప్పుడు పదకొండేళ్ళు. ఆ రోజు తమ్ముణ్ణి చంకనెత్తుకున్న పిల్ల, మళ్ళీ దించింది హిందూపురం కాలేజీలో చేర్పించినప్పుడే. మధ్యలో తను బడి ముఖం చూసింది లేదు. నాయన పక్కన కూర్చుని సూది పట్టింది. పెళ్ళయినా పెనుకొండ వదల్లేదు, మొగుడే వచ్చి ఆ అంగట్లో కూర్చున్నాడు. ఆ సూది సంపాదనతోనే తమ్ముడు బి.ఏ. గట్టెక్కాడు. గట్టెక్కినవాడు వెనక్కి తిరిగి చూడాలి కదా. చూశాడు, రంజానుకూ బక్రీదుకూ చూశాడు.

తొంభై ఐదులో ఆయన హిందూపురంలో ఒక మేడమీది గది బాడుగకు తీసుకుని ఇన్‌స్టిట్యూట్ పెట్టాలనుకున్నాడు. బెంచీలకూ బోర్డుకూ బ్యాంకు అప్పు కావాలి. అప్పుకు భూమి చూపించాలి. నాయన పోతూ పెనుకొండ పక్కన హైవేకు ఆనుకుని మూడెకరాలు వదిలిపోయాడు. వాన పడిన ఏడు చెనిక్కాయ, పడని ఏడు రాళ్ళు పండే నేల. దాన్ని పూర్తిగా తన పేరు మీద రాయించుకోవాలంటే అక్క తన హక్కు వదులుకున్నట్టు కాయితం కావాలి. షరియత్ లెక్కన అక్కకు మూడోవంతు, అంటే ఎకరా వస్తుందని బాబావలికి తెలుసు. కానీ మన వైపు హిందువైనా తురకైనా ఒక పద్ధతి ఉంది. ఆడబిడ్డకు ఒక చీర, డజను గాజులు పెట్టి వేలిముద్ర వేయించుకుంటారు. తర్వాత ఎవరైనా అడిగితే, అక్క ఇష్టపడే వదులుకుంది అంటారు.

"ఆ బండలకు నాకు భాగమేంటికి వలీ, నీ బడి నిలబడితే చాలు," అని ఖాతూన్‌బీ నవ్వుతూనే వేలు సిరాలో ముంచింది. చీర ఆకుపచ్చది. మూడు ఉతుకులకే వెలిసిపోయిందని తర్వాత తెలిసింది.

బడి నిలబడింది. దానికి కారణం సారు పాఠం చెప్పే తీరు. రోజుకు పది మాటలు, ఒక్కో మాటకు అర్థం, ఒక వాక్యం. గైడుల్లో ఉండే జాన్, మేరీలతో వాక్యాలు రాస్తే మన పిల్లలకు ఒంటబట్టేది కాదు. ఒకనాడు 'స్టింజీ' అంటే పిసినారి అని నాలుగుసార్లు చెప్పినా ఎవరికీ బుర్రకెక్కకపోతే, విసుగుపుట్టి "మై ఫాదర్ ఇన్ లా ఈజ్ స్టింజీ" అని బోర్డు మీద రాశాడు. క్లాసంతా గొల్లుమంది. ఆ బ్యాచీలో ఒకడు ఇప్పుడు మడకశిరలో ఎరువుల అంగడి నడుపుతున్నాడు. ఈనాటికీ కనబడితే 'మామగారు బాగుండారా సార్' అని అడుగుతాడు. మాట అట్లా నాటుకుంది.

ఆనాటి నుంచి వాక్యాలన్నీ ఇంట్లోవే. 'లేజీ' అంటే బామ్మర్ది. 'స్టబర్న్' అంటే భార్య రేష్మ. 'ఎస్ట్రేంజ్డ్' అంటే సంబంధాలు తెగిపోయినవాడు. ఆ మాటకు ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే చిన్నాయన కొడుకు సలాం దొరికాడు. ఒక పెళ్ళిలో తన విస్తట్లో అన్నీ ఎముకలే వేయించాడని బాబావలి వాడితో ఆరేళ్ళుగా మాట్లాడటం లేదు. తప్పు రాసిన పిల్లలు ఆ వాక్యాన్ని పదిమార్లు రాయాలి. ఆ లెక్కన హిందూపురంలో రెండు మూడు వందలమంది పిల్లలు సలాం ఎముకల సంగతి పదేసి మార్లు రాసి ఉంటారు.

"ఇంట్లో మనుషుల్ని బోర్డు మీదికి ఎక్కించేదేంటికి?" అని రేష్మ ఒకసారి అడిగింది.

"మనోళ్ళలో ఇంగ్లీషు చదివేదెవరు? ఎవరికి తెలుస్తాది?" అన్నాడు సారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఆయనకు మాత్రం గుర్తులేదు.

రెండువేల ఆరులో బెంగుళూరు వాళ్ళు హైవే పొడుగునా రాళ్ళు నాటుకుంటూ వచ్చారు. లేఅవుట్లంట. చెనిక్కాయ పండని నేలలో ఇళ్ళు పండుతాయంట. మన సారు మూడెకరాల్లో లోపలివైపు రెండెకరాలు అమ్మాడు. రోడ్డు పక్క ఎకరా ఇంకా రేటు పెరుగుతుందని ఆపుకున్నాడు. రెండెకరాలకు వచ్చిన దుడ్లు చూసి ఆయనకు మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగోరోజు నుంచి మామూలు అన్నం సహించలేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పనులు ఆయన నోటితోనే వినాలి. ఇన్‌స్టిట్యూట్‌కు వెలుగుతూ ఆరుతూ ఉండే బోర్డు పెట్టించాడు. కళ్ళద్దాలకు బంగారు రంగు ఫ్రేము వేయించాడు. సెకండ్ హ్యాండు కారు కొన్నాడు, నడపడం రాదు. డ్రైవరు ఆదివారాలే దొరికేవాడు. మిగతా ఆరు రోజులూ కారు టార్పాలిన్ కింద పడుకునేది, సారు దాని పక్కనుంచి నడిచి పోయేవాడు. అదే నెలలో క్లాసులో 'నూవో రీష్' అనే మాట వచ్చింది. అది ఫ్రెంచి మాట. ఎట్లా పలకాలో సారుకే నమ్మకం లేదు కాబట్టి బోర్డు మీద రాసి వేలితో చూపించాడు. కొత్తగా డబ్బు వచ్చి, దాంతో ఏం చేయాలో తెలియనివాడని అర్థం చెప్పి, "మనోళ్ళు అంటారు కదా, అల్పునికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడంట, అట్లాంటోడు," అన్నాడు.

వెనక బెంచీలో గ్రేస్ అనే పిల్ల లేచి, "అట్లాంటాయప్పకు డ్రైవరు ఆదివారమే వస్తాడా సార్?" అని అడిగింది. ఆ ఒక్క మాటకు ఆ రోజు ఎవరూ వాక్యం రాయాల్సిన అవసరం రాలేదు.

ఇంత సంపదలో అక్కను మరిచిపోలేదు. ఒక ఫ్రిజ్జు కొని పెనుకొండకు పంపాడు, ఎర్రది, పెద్దది. తర్వాతి ఆదివారం కారులో వెళ్ళి చూస్తే, ఖాతూన్‌బీ అందులో దారపు ఉండలు, సూదులు, పాత దిండు గలీబులు సర్దిపెట్టుకుని ఉంది. పెనుకొండలో కరెంటు వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. ఎలకలు మాత్రం దాంట్లోకి రాలేవని ఆమె సంతోషంగానే చెప్పింది. టీ ఇచ్చింది. అప్పటికి ఆమె మొగుడు పోయి మూడేళ్ళు. కూతురి బిడ్డ ఆయేషా ఆమె దగ్గరే ఉండి ఇంటర్ చదువుతోంది. టీ గ్లాసు అందుకుంటూ ఖాతూన్‌బీ ఒకే ఒక్క మాట అంది.

"భూమి బాగా పలికిందంట కదా వలీ."

అంతే. ఆ గొంతులో ఏమీ లేదు కూడా. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, సారు టీ సగంలో వదిలేసి లేచొచ్చాడు. దారి పొడుగునా ఆ మాటే చెవిలో మోగింది. భాగం అడుగుతోందా? అడగదు. మరెందుకన్నట్టు? హిందూపురం చేరేలోపల ఆయన ఒక తీర్మానానికొచ్చాడు. అక్కకు అసూయ పుట్టింది. ఇది తేల్చుకున్నాక ప్రాణం ఎంత హాయిగా ఉందంటే, రాత్రి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు. అక్క మంచిదయితే తను చెడ్డవాడు కావాల్సి వస్తుంది. అక్క అసూయపడితే ఆ గొడవ ఉండదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది అంటాడు సారు. అప్పుడు మాత్రం నిద్ర బాగానే పట్టింది.

డబ్బున్నవాడికి పుస్తకం అచ్చువేయాలనిపిస్తుంది. పన్నెండేళ్ళ బోర్డు వాక్యాలన్నీ పోగేసి 'రోజుకు పది మాటలు' అని పదిహేను రూపాయల పుస్తకం తయారుచేశాడు. ఏడో పాఠం పేరు 'డబ్బు - బంధువులు'. అందులో అన్నిటికీ కింద విండ్‌ఫాల్ అంటే అనుకోకుండా వచ్చి ఒళ్ళో పడిన సంపద అని రాసి, "మై ల్యాండ్ ఈజ్ మై విండ్‌ఫాల్" అని వాక్యం పెట్టాడు. దానికి పైన జెనరస్ అంటే ఉదారుడు, "ఐ యామ్ జెనరస్, ఐ గేవ్ మై సిస్టర్ ఎ ఫ్రిజ్." దాని కింద ఎన్వీ, అంటే అసూయ. "మై సిస్టర్ ఖాతూన్‌బీ ఎన్వీస్ మై విండ్‌ఫాల్."

ప్రెస్సు రామాంజనేయులు అచ్చు కూరుస్తూ, ఇంగ్లీషు కొంచెం తెలిసినవాడు కాబట్టి, ఆగాడు. "సార్, ఈ పేర్లు మారిస్తే బాగుంటాదేమో. అక్క పేరు కదా."

"పేరు మారిస్తే పద్ధతి పోతాదప్పా. నువ్వు వెయ్యి. అయిపోతే మళ్ళీ వెయ్యి కొట్టుకో, నన్నడగద్దు," అన్నాడు సారు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

పుస్తకం వచ్చిన వారానికే పెనుకొండకు పోయి, ఒక కాపీ మీద బంగారు రంగు పెన్నుతో సంతకం చేసి, ఇంటర్ చదివే మనవరాలు ఆయేషా చేతిలో తనే పెట్టొచ్చాడు. "బాగా చదువుకో తల్లీ, అన్ని పాఠాలూ చదువు," అని తల నిమిరాడు. మనోళ్ళలో ఇంగ్లీషు చదివేదెవరు అన్న పెద్దమనిషి ఈయనే.

పదిరోజులకు ఇంటి ముందు ఒక గూడ్సు ఆటో ఆగింది. దాంట్లో ఎర్ర ఫ్రిజ్జు, తాళ్ళతో కట్టేసి ఉంది. డ్రైవరు దించి, "పెనుకొండ అవ్వ ఇచ్చి రమ్మనింది, బాడుగ ఇచ్చేసింది, ఇంకేం చెప్పలేదు," అని వెళ్ళిపోయాడు. తలుపు తెరిస్తే లోపల ఖాళీ. కింద అరలో ఒక చిటికెడు దూది మాత్రం అంటుకుని ఉంది.

సారు ఫోన్ చేశాడు. ఆయేషా ఎత్తింది. "అవ్వ మాట్లాడనంటాండాది సార్ తాతా," అంది. ఆ పిల్ల మొదట్నుంచీ అట్లాగే పిలుస్తుంది.

"ఏంటికి తల్లీ?"

"ఏడో పాఠం."

"నువ్వు చదివి చెప్పినావా?"

"నువ్వే కదా అన్ని పాఠాలూ చదవమన్నావు. నేను గట్టిగా చదువుతాంటే, నా పేరు వినపడింది, ఏం రాసినాడో చెప్పు అని అడిగింది. నేను చెప్పేసినా." ఆ పిల్ల గొంతు కాస్త తగ్గింది. "అవ్వ ఏమీ అనలేదు. పరుపు కుట్టుకుంటా ఉండిపోయింది. అన్నం మటుకు తినలేదు."

సారు ఆ రోజే ప్యాసింజరెక్కి పెనుకొండకు పోయాడు. ఖాతూన్‌బీ వసారాలో పరుపు ముందు కూర్చుని ఉంది. అరగజం సూది, అరచేతికి తోలుముక్క, మూతిలో దారం. తమ్ముడు వచ్చాడని ఆమె తల ఎత్తలేదు. ఆయేషాతో నీళ్ళు పంపింది. "అక్కా, అది ఉత్త పాఠం, పిల్లోళ్ళకు అర్థం కావాలని రాసింది," అన్నాడు. సూది దిగింది, పైకి లేచింది. "నిన్ను అనలేదక్కా, మాటకు వాక్యం కావాల కదా." సూది దిగింది. పేరు రాసి, ఫ్రిజ్జు రాసి, నిన్ను అనలేదంటే ఎవరు నమ్ముతారు? ఆయనే నమ్మలేదు. ఏడాదిన్నర వయసునుంచీ ఆయన ఎప్పుడు ఏడ్చినా ఆ గొంతు ఏదో ఒకటి అనేది, తిట్టో, జోలో. గంటసేపు ఏమీ అనకపోయేసరికి ఆయనకు భయం వేసింది. అక్క మాట్లాడకుండానే పోతే? అప్పుడు తనకు పుట్టినిల్లంటూ ఒకటి ఉండదు. మగవాడికి కూడా పుట్టినిల్లు ఉంటుందని ఆయనకు నలభై ఏడో ఏట, ఆ వసారాలో తెలిసింది.

తిరుగు ప్రయాణంలో ఒక ఉపాయం తట్టింది. పుస్తకాలన్నీ తనే కొనేస్తే? వెయ్యి కాపీలే కదా. ఆ పేజీ భూమ్మీద లేకుండా చేస్తే అక్క కరుగుతుంది. చేతిలో దుడ్లున్నవాడికి ప్రతి కష్టమూ కొనేయదగినట్టే కనిపిస్తుంది.

హిందూపురం బస్టాండులో నలభై కొన్నాడు. పెనుకొండలో ముప్పై. ధర్మవరంలో యాభై. పిల్లల దగ్గరున్నవి ఇరవై రూపాయలిచ్చి వెనక్కి తీసుకున్నాడు. పదిహేను రూపాయల పుస్తకానికి సారే ఇరవై ఇస్తున్నాడని తెలిసి, పిల్లలు బస్టాండుకు పరిగెత్తి కొత్తవి కొనుక్కొచ్చి అమ్మడం మొదలుపెట్టారు. వారానికొకసారి మూడు ఊళ్ళూ తిరిగేవాడు. ఎంత కొన్నా మరుసటి వారానికి అంగళ్ళలో మళ్ళీ కట్టలు కనబడేవి. మొదట్లో పాతవే మిగిలాయనుకున్నాడు. అయిదో వారం ధర్మవరం బస్టాండులో పుస్తకాలమ్మే మల్లప్ప ఆయన్ను చూసి చేతులు జోడించాడు.

"సార్, ఈ పుస్తకం మాదిరి పోయే పుస్తకం నేను ముప్పై ఏండ్లలో చూడలేదు. తెచ్చిన కట్ట తెచ్చినట్టే అయిపోతాండాది. నిన్న ఇంగో రెండు వందలు తెప్పించినా."

"ఎవరు కొంటాండారు మల్లప్పా?" అన్నాడు సారు నీరసంగా.

"శానామటుకు మీరే సార్."

హిందూపురం ప్రెస్సుకు పోతే రామాంజనేయులు ముఖం వెలిగిపోతోంది. రెండో వెయ్యి అయిపోయింది, మూడో వెయ్యి ఎండుతోంది. "మీరే చెప్పినారు కదా సార్, అయిపోతే అడగకుండా కొట్టుకోమని. అగళి నుంచి కూడా అడుగుతాండారు." తన పుస్తకానికి తానే పాఠకుడై, తన పరువు తీసే పేజీని తన డబ్బుతో మూడువేలమందికి పంచే ఏర్పాటు తానే చేసుకున్న రచయిత రాయలసీమలో ఇంకొకడు ఉంటాడా? ఆ రోజు ఆయన మిషను పక్కన స్టూలు మీద కూలబడి నవ్వాడు. నవ్వు ఆగలేదు. రామాంజనేయులు భయపడి సోడా తెప్పించాడు. మూడో వెయ్యి ఆపించి, కాయితం ఖర్చు కట్టి మూటలు ఇంటికి తెచ్చుకున్నాడు.

ధర్మవరంలో ఇంకొక సంగతి జరిగింది. బస్సు కోసం నిలబడితే ఎవరో వెనకనుంచి భుజం మీద చెయ్యి వేశారు. తిరిగి చూస్తే సలాం. సంబంధం తెగిన సలాం.

"అన్నా, నా పేరు పుస్తకంలో వేసినావంట కదా. మా అంగటికొచ్చే ఆడోళ్ళకంతా చూపిస్తాండా. ఇరవై కాపీలు కొన్నా," అన్నాడు వాడు పళ్ళన్నీ బయటపెట్టి.

"ఆ మాటకు అర్థం తెలుసా నీకు?"

"ఏమో అన్నా, పెద్ద మాటే కదా. ఎముకల సంగతి మటుకు వంటాయన తప్పు, నాకు తెల్దు," అన్నాడు సలాం, టీ తాగిస్తానని లాక్కుపోయాడు. ఆరేళ్ళ పగ ఒక టీ గ్లాసులో కరిగిపోయింది. ఇంత సులువుగా కరిగేదాన్ని పాఠంగా పెట్టుకుని పదేసి మార్లు రాయించానే అని సారు తనను తాను తిట్టుకున్నాడు. అక్క సంగతి మాత్రం ఇట్లా కరిగేది కాదని ఆయనకు తెలుసు. అక్కడ ఎముకలు లేవు, ఎకరా భూమి ఉంది.

అయినా మనిషి అంత తొందరగా బుద్ధి తెచ్చుకుంటాడా? ఒక శనివారం మధ్యాహ్నం, తిరగ్గొన్న పుస్తకాల్లో ఏడో పాఠాన్ని నల్ల సిరాతో పూర్తిగా కొట్టేసి, రెండు గోనెసంచుల్లో నింపి, కారుకు డ్రైవరు లేక ప్యాసింజరులోనే పెనుకొండకు మోసుకుపోయాడు. వసారాలో అక్క ముందు కుమ్మరించాడు.

"అక్కా, అన్నీ తెచ్చేసినా. నీ పేరు యాడా లేకుండా కొట్టేసినా. చూడు."

ఖాతూన్‌బీ చూడలేదు. కొత్త పరుపు మూలలు కుడుతోంది. ఆయేషా లోపలికి పోయి తన కాపీ తెచ్చింది, బంగారు రంగు సంతకం ఉన్నది. "ఇది మిగిలింది సార్ తాతా," అని ఏడో పాఠం తీసి ఇచ్చింది.

ఆ పేజీలో సారు వాక్యాలన్నీ పెన్సిలుతో కొట్టేసి ఉన్నాయి. పక్కన ఖాళీలో ఆయేషా ముత్యాల్లాంటి రాతతో కొత్త వాక్యాలు ఉన్నాయి.

"ఇవి నువ్వు రాసినవా తల్లీ?"

"అవ్వ తెలుగులో చెప్పింది, నేను ఇంగ్లీషులో పెట్టినా. ఏం మాటలో చెప్పు, నా వాక్యాలు నేను చెప్పుకుంటా అనింది. తప్పులుంటే దిద్దు తాతా."

అలవాటు కొద్దీ సారు జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. జెనరస్ ఎదురుగా ఉన్నది చదివాడు. మా తమ్ముడు ఫ్రిజ్జు ఇచ్చినాడు, మా కరెంటు మాత్రం జెనరస్ కాదు. ఎన్వీ ఎదురుగా, అసూయపడేదానికి నాకు తీరిక లేదు, శుక్రవారంలోపల ఆరు పరుపులు కుట్టాల. సారుకు నవ్వొచ్చింది. తర్వాతి మాట హెయిర్, అంటే వారసుడు. దాని ఎదురుగా నాలుగే మాటలు. మా నాయనకు వారసులు ఇద్దరు. నవ్వు ఆగిపోయింది.

చివరిది విండ్‌ఫాల్, ఒళ్ళో వచ్చిపడిన సంపద. అక్కడ వాక్యం పొడుగ్గా, అంచుదాకా ఉంది. నాకు పదకొండేళ్ళప్పుడు మా అమ్మ పోతాపోతా ఒక పిల్లోణ్ణి నా ఒళ్ళో వేసి పోయింది, అది తప్ప నాకు ఊరికే వచ్చిందంటూ ఇంగేమీ లేదు.

ఆ వాక్యంలో రెండు తప్పులున్నాయి. సారు చేతిలో పెన్ను ఉంది. దిద్దలేకపోయాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

అప్పుడు ఖాతూన్‌బీ నోరు తెరిచింది. రెండు నెలల తర్వాత.

"తప్పు రాస్తే నీ పిల్లోళ్ళ చేత ఏం చేయిస్తావు?"

"పదిమార్లు రాయిస్తా అక్కా."

"రాయి మల్ల."

"ఏది రాయాల?"

"అది నువ్వే చూసుకో. సారువి కదా."

ఆయేషా ఒక నోటుబుక్కు, పెన్సిలు తెచ్చిచ్చింది. సారు దూది సంచికి ఆనుకుని కూర్చున్నాడు. చెయ్యి మొదట చివరి వాక్యం వైపే పోయింది. అది తియ్యగా ఉంది. పదిమార్లు రాస్తే బాగా ఏడుపొస్తుంది, ఏడిస్తే అక్క కళ్ళు తుడుస్తుంది, అన్నం పెడుతుంది, సాయంత్రం బండికి హాయిగా ఇంటికి పోవచ్చు. తన సంగతి తనకు తెలుసు. కన్నీళ్ళకు రిజిస్ట్రేషను ఖర్చులుండవు. ఆయన ఆ వాక్యం మీదనుంచి కళ్ళు తిప్పుకుని, దానిపైన ఉన్న నాలుగు మాటల వాక్యం దగ్గర ఆగాడు.

మా నాయనకు వారసులు ఇద్దరు. ఒకటి రాశాడు. రెండు రాశాడు. మూడోదానికి చీర గుర్తొచ్చింది, ఆకుపచ్చది, వెలిసిపోయింది. అయిదోదానికి సిరాలో ముంచిన వేలు గుర్తొచ్చింది. ఆ వేలికి అప్పుడు కూడా సూది గుచ్చుకున్న మచ్చలున్నాయి. ఇన్నేళ్ళూ పిల్లల చేత పదిమార్లు ఎందుకు రాయించేవాడో ఆయనకే ఇప్పుడు అర్థమయింది. నాలుగైదుసార్లు చెయ్యి రాస్తుంది, తర్వాత మనిషి రాస్తాడు. పదోది పూర్తయ్యేసరికి అక్షరాలు కొంకర్లు పోయాయి. నోటుబుక్కు అక్క ముందు పెట్టాడు. ఆమెకు చదవడం రాదు. వేలితో వరసలు లెక్కబెట్టింది. పదీ ఉన్నాయి.

"అక్కా," అన్నాడు సారు. "రోడ్డు పక్క ఎకరా నేను అమ్మలేదు. రేటు పెరుగుతాదని పెట్టుకున్నా. అది నీది. మొదట్నుంచీ నీదే. ఆ పొద్దే నాకు తెలుసు, తెలిసే చీర తెచ్చినా. రేపు పొద్దున రిజిస్ట్రాఫీసుకు పోదాం, నీ పేరు మీద రాసేస్తా."

ఖాతూన్‌బీ పరుపు మూల ముడేసింది. దారం పళ్ళతో కొరికింది. సూదిని తలలోని కొప్పులో గుచ్చుకుని, తమ్ముణ్ణి నిదానంగా, ఆపాదమస్తకం చూసింది.

"రేపు ఆదివారం వలీ."

ఆయేషా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "వారాల పేర్లు ఒకటో పాఠంలోనే ఉండాయి సార్ తాతా."

"సోమవారం రా," అంది ఖాతూన్‌బీ, లేచి వంటింటివైపు పోతూ. "వచ్చేటప్పుడు ఆ ఫ్రిజ్జు కూడా వేసుకొనిరా. దారాలన్నీ ఎలకలు కొరికేస్తాండాయి."